ఇంట్లో గోధుమ గడ్డి: పెంచుదాం, తాగుదాం, కాని మందు మానొద్దు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో మహిళా విభాగం వారి కోరికపై చేసిన ప్రసంగ పాఠం)



గోధుమ గడ్డి గురించి మాట్లాడమని కార్యదర్శిగారు కబురు పెట్టినప్పుడు మా ఇంట్లో అందరం నవ్వుకున్నాము. ముప్ఫై ఏళ్ళకు పైగా వ్యవసాయ శాఖలో పనిచేసి గుంటూరు జిల్లా పొలాల గట్ల మీద మిరప గురించీ పత్తి గురించీ రైతులకు చెప్పిన నోటితో, ఇప్పుడు వంటింటి కిటికీలో పెరిగే గడ్డి గురించి చెప్పాలా అనుకున్నాము. అయితే పోయిన ఏడాది మా వీధిలో జరిగిన ఒక సంగతి గుర్తుకు వచ్చి, చెప్పి తీరవలసిందే అనిపించింది. ఆ సంగతి చివర మనవి చేస్తాము. ముందు గడ్డి పెంచడం చూద్దాము.

ఈ బల్ల మీద మూడు పళ్ళేలు పెట్టాము. మొదటిది మొన్న చల్లినది, ఇంకా మొలక ముక్కు మాత్రమే కనబడుతుంది. రెండవది ఐదు రోజులది. మూడవది తొమ్మిది రోజులది, కోతకు సిద్ధంగా ఉన్నది. సభ అయినాక దగ్గరకు వచ్చి చూడండి. పిల్లలు ముట్టుకున్నా ఫరవాలేదు.

మొలకెత్తించిన గోధుమ మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాదులో చేసే జౌజీ హల్వా మీలో చాలామంది తినే ఉంటారు. దానికి ఆ రుచి జాజికాయ వల్ల ఎంత వస్తుందో, సమ్నక్ అనే మొలకెత్తిన గోధుమ పిండి వల్ల అంత వస్తుంది. ఇరాన్ దేశంలో నౌరోజ్‌కు ముందు ప్రతి ఇంట్లో పళ్ళెంలో గోధుమలు చల్లి పచ్చగా మొలిపిస్తారు. మన తెలుగునాట హిందూ సోదరుల పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు మొలిపించడం మనం చూస్తూనే ఉంటాము. కాని ఆ గడ్డిని కోసి, పిండి, రసం తాగడం మాత్రం ఇటీవలి సంగతే.

అది అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ఛార్లెస్ ష్నాబెల్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. 1930లో ఆయన జబ్బుపడిన కోళ్ళకు లేత గడ్డి కోసి మేపాడు. కోళ్ళు కోలుకోవడమే కాక గుడ్లు కూడా ఎక్కువ పెట్టాయి. ఆ మీదట గడ్డి ఎండబెట్టి పొడి చేసి డబ్బాల్లో అమ్మడం మొదలయింది. తరువాత బోస్టన్ నగరంలో ఆన్ విగ్మోర్ అనే ఆవిడ పచ్చి రసానికి ప్రపంచమంతటా ప్రచారం తెచ్చింది. ఆవిడ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు పెంపకం. మొట్టమొదట గింజ గురించి చెప్పాలి, ఎందుకంటే మా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. కిరాణా కొట్లో తినడానికి అమ్మే గోధుమలే వాడండి. విత్తనాల షాపులో కొన్న గింజ వద్దంటే వద్దు. పొలంలో చల్లే విత్తనానికి బూజు తెగుళ్ళు రాకుండా థైరం వంటి విషపు మందులు పట్టిస్తారు. చాలావరకు ఎర్రగానో గులాబీ రంగుగానో కనబడతాయి. రంగు కనబడనంత మాత్రాన కూడా నమ్మడానికి లేదు. "విత్తనం కదా, ఇంకా బాగా మొలుస్తుంది" అనుకుని తెచ్చేవాళ్ళున్నారు. ఆ రసం తాగితే మందు తాగినట్టే.

ఇంకొక మాట. హలీమ్ కోసం తొక్క తీసిన గోధుమలు దొరుకుతాయి కదా, అవి మొలవవు. పొట్టు తీసే మరలో మొలక భాగం దెబ్బ తినిపోతుంది. పొట్టుతో ఉన్న నిండు గింజ కావాలి. పాత సరుకో, కొత్త సరుకో తెలియకపోతే ఇరవై గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో మూట కట్టండి. రెండు రోజుల్లో పదహారు, పదిహేడు మొలిస్తే మంచి సరుకు. పది మాత్రమే మొలిస్తే ఆ గోధుమలు పిండి పట్టించుకోండి, గడ్డికి పనికిరావు. మొలవని గింజే పళ్ళెంలో కుళ్ళి, పక్కనున్న మంచి గింజను కూడా చెడగొడుతుంది.

గింజలు మూడు నాలుగు నీళ్ళు మార్చి కడగండి. రాత్రి ఇషా తర్వాత నానబెడితే ఫజర్ వేళకు నీళ్ళు వంచేయవచ్చు. అంటే ఎనిమిది, పది గంటలు. అంతకన్నా ఎక్కువ నానితే పులిసిన వాసన వస్తుంది. నీళ్ళు వంచిన గింజను పలచటి గుడ్డలో వదులుగా మూట కట్టి నీడలో పెట్టండి. ఎండిపోకుండా మధ్యలో రెండుసార్లు నీళ్ళు చిలకరించండి. మర్నాటికి ప్రతి గింజకు చివర తెల్లని ముక్కు కనబడుతుంది. అప్పుడు చల్లాలి.

పళ్ళెం ఏదైనా ఫరవాలేదు. పండ్లు వచ్చే ప్లాస్టిక్ ట్రే, వెడల్పు మట్టి మూకుడు, పాత డబ్బా మూత, ఏదైనా రెండంగుళాల లోతు ఉండి, అడుగున నీళ్ళు పోయే చిల్లులుంటే చాలు. చిల్లు లేని పాత్రలో మాత్రం వేయవద్దు. మట్టి అంగుళంన్నర ఉంటే సరిపోతుంది. సగం జల్లించిన మట్టి, సగం బాగా మాగిన కంపోస్టు కలపండి. మట్టి దొరకని ఫ్లాట్లవాళ్ళు కొబ్బరి పొట్టు వాడవచ్చు. పచ్చి పేడ వద్దు, ఎందుకంటే ఈ గడ్డిని ఉడికించకుండా పచ్చిగానే తీసుకుంటాము, పేడలో ఉండే క్రిములు రసంలోకి వస్తాయి. యూరియా కూడా వద్దు. తొమ్మిది రోజుల గడ్డికి కావలసిన తిండి చాలావరకు గింజలోనే ఉంటుంది. ఎరువు వేసి పెంచాలనుకోవడం పాలు తాగే బిడ్డకు పులావు పెట్టడం లాంటిది.

తడిపిన మట్టి మీద గింజలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకునేట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పరవండి. అరచేతితో మెల్లగా అదమండి. పైన తడి గుడ్డ కాని, తడిపిన కాగితం కాని కప్పి రెండు రోజులు నీడలో ఉంచండి. మూడో రోజు కప్పు తీస్తే మొలకలు పాలిపోయి పచ్చగా, అంటే పసుపుపచ్చగా ఉంటాయి. కంగారు పడవద్దు. వెలుతురు తగిలిన ఒక రోజులో ఆకుపచ్చ రంగు పట్టేస్తుంది. కావలసింది వెలుతురే, మిట్టమధ్యాహ్నపు ఎండ కాదు. తూర్పు కిటికీ అన్నిటికన్నా మంచిది. నీళ్ళు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చిలకరించండి.

ఇక్కడ మా ఇంటి పరువు కాస్త తీసుకోక తప్పదు. మేము మొట్టమొదట చల్లింది మే నెలలో, రోహిణి కార్తెలో. ఎండకు ఎండిపోతుందేమోనని మా ఇంటావిడ ఒకసారి, ఆవిడకు తెలియకుండా మేము ఒకసారి, స్కూలు నుంచి వచ్చి మనవడు ఒకసారి నీళ్ళు పోశాము. నాలుగో రోజుకు సాలెగూడులా బూజు పట్టి, గది అంతా ముక్కు వాసన. "వ్యవసాయ శాఖవారి గడ్డి ఎట్లా ఉంది?" అని మా ఇంటావిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. గోధుమ రబీ పంట, చలి పంట. మన ప్రాంతంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సులువుగా పెరుగుతుంది. ఎండాకాలంలో పెంచాలంటే ఇంట్లో చల్లని చోట, గాలి ఆడే చోట పెట్టాలి. నీళ్ళు తక్కువ, గాలి ఎక్కువ. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే చాలు.

బూజు గురించి చాలామందికి అనుమానం వస్తుంది కాబట్టి చెబుతున్నాము. రెండో రోజు, మూడో రోజు వేరు చుట్టూ తెల్లని నూగు కనబడుతుంది. అది బూజు కాదు, సన్నని వేరు నూగు. నీళ్ళు చిలకరిస్తే అణిగిపోతుంది. బూజైతే ఒక గింజ నుంచి ఇంకో గింజకు సాలీడు దారంలా అల్లుకుంటుంది, ముక్కు వాసన వస్తుంది, నీళ్ళు చిలకరించినా పోదు. అట్లాంటి పళ్ళేన్ని పైపైన కోసి వాడుకుందామనే పొదుపు పనికిరాదు. మొత్తం పారేసి, పళ్ళెం సబ్బుతో కడిగి, ఎండలో పెట్టి, మళ్ళీ చల్లండి. పోయేది గుప్పెడు గోధుమలే.

ఎనిమిది నుంచి పది రోజుల్లో గడ్డి ఆరేడు అంగుళాలు పెరుగుతుంది. మొదటి ఆకు లోంచి రెండో ఆకు తొంగి చూస్తున్నప్పుడు కోత. శుభ్రమైన కత్తెరతో మట్టికి అరంగుళం పైన కోయండి. మట్టి, గింజ రాకూడదు. మళ్ళీ నీళ్ళు పోస్తే రెండోసారి కూడా పెరుగుతుంది కాని, అది బలహీనమైన గడ్డి. మా ఇంట్లో ఇద్దరికీ అయిదు పళ్ళేలు చాలుతున్నాయి. రెండు రోజులకొకటి చల్లుతాము. అయిదోది చల్లిన రెండో రోజుకు మొదటిది కోతకు వస్తుంది. కోసిన తర్వాత మిగిలిన వేరు చాపలాగా అల్లుకుని ఊడివస్తుంది. దాన్ని కోళ్ళకు వేయండి, సంతోషంగా గీరుకుంటాయి. బక్రీదుకు మేకపోతును ముందుగా తెచ్చి కట్టేసుకున్న ఇళ్ళలో అయితే ఇక అడగనక్కరలేదు, పళ్ళేలు మేకకు అందకుండా దాచుకోవడమే పని.

రసం తీయడానికి ప్రత్యేకమైన మర కొననక్కరలేదు. గుప్పెడు గడ్డి బాగా కడిగి, సన్నగా తరిగి, అరగ్లాసు మంచినీళ్ళతో మిక్సీలో తిప్పి, మల్‌మల్ గుడ్డలో వేసి పిండండి. తరగకుండా వేస్తే పీచు మిక్సీ బ్లేడుకు చుట్టుకుంటుంది. రోట్లో దంచినా సరే. తీసిన వెంటనే తాగాలి. మొదట రెండు చెంచాలతో మొదలుపెట్టి, కడుపుకు పడితే ఒక చిన్న టీ గ్లాసులో సగం దాకా తీసుకోవచ్చు. కొందరికి వాంతి వచ్చినట్టుంటుంది. అట్లాంటివాళ్ళు బలవంతాన తాగవలసిన పనేమీ లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తాగితే ఏమవుతుంది?

నిజం చెప్పాలంటే, మంచి ఆకుకూర తిన్నంత అవుతుంది. పాలకూరలో, మునగాకులో, తోటకూరలో ఉన్నట్టే దీనిలోనూ విటమిన్లు, పత్రహరితం ఉన్నాయి. ఒక ఔన్సు రసం కిలో కూరగాయలకు సమానమని పొడి డబ్బాల మీద వ్రాస్తారు. అది నిజం కాదు. ఇంకొక మాట కూడా ప్రచారంలో ఉంది, గోధుమ గడ్డి రసం "ఆకుపచ్చ రక్తం" అని. దీనికి మూలం ఏమిటంటే, పత్రహరితం నిర్మాణంలో కొంత భాగం మన రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పోలి ఉంటుంది. అయితే హిమోగ్లోబిన్ మధ్యలో ఇనుము ఉంటే, పత్రహరితం మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. పోలిక ఉన్నంత మాత్రాన ఒకటి ఇంకొకటి అయిపోదు. మన శరీరం పత్రహరితాన్ని రక్తంగా మార్చుకోలేదు.

ఇందాక చెప్పిన ఆన్ విగ్మోర్ కూడా ఇక్కడే తప్పటడుగు వేసింది. తన పద్ధతితో చక్కెర వ్యాధివారికి ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది, అసలు లేకుండా కూడా పోతుందని ఆవిడ చెబితే, 1982లో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వ న్యాయవాది దావా వేశాడు. కోర్టులో ఓడిపోయి ఆవిడ ఆ మాటలు మానుకోవలసి వచ్చింది. అక్కడ మానుకున్న మాటలు సముద్రాలు దాటి మన వీధుల్లో ఇంకా తిరుగుతున్నాయి.

పోయిన ఏడాది మా వీధిలో జరిగింది కూడా ఆ మాటల వల్లే. తల్లి అనుమతి తీసుకునే చెబుతున్నాము, పేరు చెప్పము. ఆరేళ్ళ బాబు. తలసేమియా. పుట్టుకతో వచ్చే జబ్బు, శరీరం సరైన రక్తం తయారు చేసుకోలేదు. మూడు వారాలకొకసారి ఆసుపత్రికి తీసుకువెళ్ళి రక్తం ఎక్కించాలి. ఒకరోజు ఆ తల్లి మా ఇంటికి వచ్చి, "చాచా, మీ గడ్డి రోజూ కాస్త ఇవ్వరూ" అని అడిగింది. మేము సంతోషించాము. మన చేత్తో పెంచినది ఒక బిడ్డ కోసం అడుగుతున్నారు కదా అని, ఒక పళ్ళెం ఎక్కువే చల్లాము. ఎందుకని మాత్రం అడగలేదు. రెండు నెలలపాటు ఇస్తూనే ఉన్నాము, అడగనే లేదు. తప్పు అక్కడ మాది.

దగ్గర బంధువులెవరో ఆవిడకు ఒక కరపత్రం తెచ్చి ఇచ్చారట, ఈ రసం తాగితే రక్తం ఎక్కించనక్కరలేదని. ఆసుపత్రికి తీసుకువెళ్ళిన ప్రతిసారీ బాబు సూది చూసి ఏడుస్తాడు. తండ్రికి ఆ రోజు కూలి పోతుంది. దాతను వెతకాలి. అట్లాంటి తల్లికి ఆ కరపత్రం ఎంత తీపిగా కనబడిందో మనం ఊహించుకోవచ్చు. ఒక వంతు వాయిదా వేసింది. బాబు బాగానే ఉన్నట్టు కనిపించాడు. రెండో వంతు కూడా మానేసింది. ఒక సాయంత్రం ఆ బాబు మా మెట్లు మూడెక్కి కూర్చుండిపోయాడు. పెదవులు తెల్లగా ఉన్నాయి, గుండె కొట్టుకోవడం చొక్కా మీద నుంచే కనబడుతున్నది. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. రక్తం ఎక్కించే ముందు కూడా ఈ పిల్లలకు తొమ్మిది, తొమ్మిదిన్నరకు తగ్గకుండా చూస్తారు. ఆ రాత్రి బాబుకు నాలుగు చిల్లర ఉన్నది. అల్లా దయవల్ల, వైద్యుల శ్రమవల్ల బ్రతికి బయటపడ్డాడు.

తరువాత ఆ తల్లి "మీరు కూడా గడ్డి మంచిదనే కదా చాచా అన్నారు" అన్నది. కోపంగా అనలేదు, మెల్లగా అన్నది. జవాబు చెప్పలేకపోయాము. ఆ జవాబే ఈ రోజు మీ అందరి ముందు చెబుతున్నాము.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ విషయం మీద వైద్యులు పరిశీలన చేయకపోలేదు. 2004లో చండీగఢ్ పీజీఐ వైద్యులు ప్రచురించిన ఒక చిన్న పరిశీలనలో, రసం తీసుకున్న 16 మంది తలసేమియా రోగుల్లో 8 మందికి రక్తం అవసరం నాలుగో వంతుకు పైగా తగ్గినట్టు కనబడింది. కాని 2009లో ప్రచురించిన ఇంకొక పరిశీలనలో అట్లాంటి ప్రయోజనం కనబడలేదు. మొదటి పరిశీలనలో కూడా రక్తం తగ్గిందన్నారే కాని, అక్కరలేకుండా పోయిందని ఎవరూ అనలేదు. కరపత్రాల వాళ్ళు మొదటిదే చెబుతారు, అది కూడా సగమే చెబుతారు.

కాబట్టి మా మనవి ఇది. చక్కెర వ్యాధి మాత్రలు, ఇన్సులిన్, రక్తపోటు మాత్రలు, గర్భిణులకు ఇచ్చే ఇనుము మాత్రలు, క్యాన్సరు వైద్యం, రక్తం ఎక్కించడం, వీటిలో దేన్నీ గడ్డి రసం నమ్ముకుని ఒక్క రోజు కూడా ఆపవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. వారికి కావలసింది వైద్యుల సలహా, మాత్రలు, కడుపు నిండా తిండి. రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవాళ్ళు, మూత్రపిండాల జబ్బువాళ్ళు, గర్భిణులు, గోధుమ పడనివాళ్ళు, ప్లీహం తీయించుకున్న పిల్లలు వైద్యులను అడగకుండా ఈ పచ్చి రసం ముట్టనే కూడదు.

ఇక గడ్డి చేయలేని పని మనుషులు చేయగలరు. మన సంఘంలో రక్తదానం చేయగల యువకులు ఎంతోమంది ఉన్నారు. బ్లడ్ గ్రూపుతో సహా ఒక జాబితా తయారుచేసి కార్యాలయంలో ఉంచితే, ఏ తల్లీ దాత కోసం వీధులు పట్టుకు తిరగనక్కరలేదు. రెండవది, పెళ్ళి కుదుర్చుకునేముందు అబ్బాయికి, అమ్మాయికి తలసేమియా రక్తపరీక్ష చేయించండి. మేనరికాలు, దగ్గర సంబంధాలు ఉన్న ఇళ్ళలో మరీ ముఖ్యం. ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ఇరాన్‌లో 1997 నుంచి పెళ్ళికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి చేశారు. అడగడానికి మొహమాటపడవలసిన సంగతి కాదిది.

గడ్డి పెంచడం మాత్రం మానకండి. మనవలకు మొలక ఎట్లా వస్తుందో చూపించండి. ఇంట్లో పచ్చగా ఒక పళ్ళెం ఉంటే కంటికి చలువ. ఇష్టమైతే రసం తాగండి, అన్నంలో ఆకుకూర తిన్నట్టుగా తాగండి. ఎవరైనా మీ ఇంటికి వచ్చి ఆ గడ్డి కావాలంటే సంతోషంగా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "ఎందుకమ్మా?" అని ఒక్క మాట అడగండి.

ఈ మూడో పళ్ళెం, తొమ్మిది రోజులది, ఆ బాబు పెంచినది. ఇప్పుడు వంతు తప్పకుండా ఆసుపత్రికి వెళ్ళి వస్తున్నాడు. రసం వాడికి ఇవ్వడం లేదు, వాళ్ళ దాదీ తాగుతుంది. నీళ్ళు పోయడం వాడి పని, ఇంకెవరినీ పోయనివ్వడు. మా పళ్ళెంలా బూజు పట్టలేదు.